విజయదశమి రాని సరస్వతీ పూజ

శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు పుస్తకాలను పీట మీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, సరస్వతిగా ఆవాహన చేస్తారు. కొన్ని ఇళ్లలో ఇది మహానవమి నాటి పని. పూజలో ఉన్న పుస్తకాన్ని ఉద్వాసన చెప్పేదాకా తెరవకూడదు. చదువుకొనే పిల్లలకు ఆ పూట ఆటవిడుపు. విజయదశమి వచ్చాక మాత్రం చదవకుండా వదలరు. పీట మీది పుస్తకం తీసి పిల్లవాడి చేతిలో పెట్టి నాలుగు వాక్యాలైనా చదివిస్తారు. ఈ ఆచారంలో రెండు పనులున్నాయి. పుస్తకాన్ని మూసి మొక్కడం ఒకటి, తెరిచి చదవడం మరొకటి. మొదటిదానికి గడువుంది. రెండోదానికి లేదు, ఏడాదిలో మిగిలిన రోజులన్నీ దానివే. పాత గ్రంథాలయాలు తమ దగ్గరున్న అరుదైన తాళపత్రాలనూ రాతప్రతులనూ అద్దాల పెట్టెల్లో పెట్టి ప్రదర్శించినప్పుడు ఈ రెంటిలో ఏ పని చేస్తున్నాయన్నది నా ప్రశ్న. పైకి ఇది గ్రంథాలయ నిర్వహణకు చెందిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఇది పుస్తకం అంటే ఏమిటి, దాన్ని గౌరవించడం అంటే ఏమిటి అన్న ధర్మప్రశ్న. మన సంప్రదాయం దీనికి చెప్పిన సమాధానం చాలామంది అనుకొనేదానికి భిన్నంగా ఉంది.

ప్రశ్నను గాలిలో ఉంచకుండా ఒక చోట నిలిపి చూద్దాం. తంజావూరు సరస్వతీ మహల్‌ను మించిన చోటు దీనికి దొరకదు. నాయక రాజుల కాలంలో సరస్వతీ భాండారంగా మొదలై, మరాఠా భోంస్లేల చేతుల్లో పెరిగి, 1918లో ప్రజా గ్రంథాలయమైన సంస్థ అది. 40,000కు పైగా రాతప్రతులున్నాయి. ఎక్కువ భాగం సంస్కృతం, తర్వాత తమిళం, మరాఠీ, తెలుగు. తెలుగు ప్రతులు వందల్లోనే ఉన్నా, వాటిలో మరోచోట దొరకనివి ఉన్నాయి. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు, పసుపులేటి రంగాజమ్మల కాలపు యక్షగాన సాహిత్యం ఇంతగా మనకు దక్కడంలో ఆ భాండారానిది పెద్ద పాత్ర. మరాఠీ మాతృభాషగా గల శహాజీ రాజు తెలుగులో పల్లకీసేవా ప్రబంధం రాశాడు. సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ కలిపిన పంచభాషా విలాస నాటకం ఆయన పేరుతోనే ఉంది. ఈ సంపదను కుదురుగా నిలబెట్టింది రెండవ శరభోజి. 1798లో గద్దెనెక్కి, మరుసటి ఏడే రాజ్యపాలనను ఈస్టిండియా కంపెనీకి అప్పగించి, కోటకు పరిమితమైన రాజు ఆయన. రాజ్యం పోయినవాడు పుస్తకాలు పోగుచేశాడు. 1820ల మొదట్లో కాశీయాత్ర చేసినప్పుడు పండితుల చేత ప్రతులు రాయించి తెచ్చుకున్నాడు. ఐరోపా పుస్తకాలు తెప్పించుకొని, వాటి మీద తన చేత్తో సంతకాలు చేసుకున్నాడు. కంటి రోగులకు జరిగిన చికిత్స వివరాలను బొమ్మలతో సహా రాయించి ఉంచాడు. ఈనాడు ఆ గ్రంథాలయానికి అనుబంధంగా ఒక ప్రదర్శనశాల ఉంది. చూడవచ్చినవాళ్లను ముందుగా ఆకట్టుకొనేవి బొమ్మల రామాయణం, కంటికి ఆననంత చిన్న అక్షరాల తాటాకులు, మనిషి ముఖాన్నీ జంతువు ముఖాన్నీ పక్కపక్కన పెట్టి లెబ్రన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు గీసిన పోలికల బొమ్మలు. అబ్బురంగా చూడదగినవే అన్నీ. కాని అబ్బురం దగ్గరే చూపు ఆగిపోతే, ఆ పక్కనే వందల కట్టల్లో ఉన్న మాట ఎవరి చెవినీ చేరదు.

రాసిన ఆకుకు మన పూర్వులు ఇచ్చిన స్థానం ఏమిటో ముందు తేల్చుకోవాలి. వేదం విషయంలో వాళ్లు రాతను నమ్మలేదు. రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి పాణినీయ శిక్ష అధమ పాఠకుల జాబితాలో చేర్చింది. గురుముఖంగా కాక రాతలోంచి నేర్చిన వేదం ధర్మజ్ఞానానికి పనికిరాదని కుమారిల భట్టు వాదించాడు. పుస్తకంలో ఉండిపోయిన విద్య, పరుల చేతిలో ఉన్న ధనం అక్కరకు రావన్న సుభాషితం చదువుకున్నవాళ్లందరికీ తెలిసిందే. కావ్యాలూ శాస్త్రాలూ పురాణాలూ ఆకుల మీదికి ఎక్కినా, ఆకును శాశ్వతమని ఎవరూ అనుకోలేదు. తాటాకు ఎంత జాగ్రత్త చేసినా మూడు నాలుగు వందల ఏళ్లకు మించి నిలవడం కష్టం. అది చిట్లేలోపు గంటం పట్టినవాడు కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసేవాడు. పాతది నీళ్లలోనో నిప్పులోనో కలిసేది. తమిళ సాహిత్యాన్ని వెతికి తీసిన ఉ.వే. స్వామినాథయ్యర్ కరివలంవందనల్లూరు ఆలయానికి ప్రతుల కోసం వెళితే, పాత ఆకుల్ని ఆగమ విధి ప్రకారం నేతిలో ముంచి హోమం చేశామని అక్కడివాళ్లు చెప్పిన సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. చదివినవాడి గుండె చెరువయ్యే ఘట్టం అది. ఆ పని చేసినవాళ్లు మాత్రం అగౌరవంతో చేయలేదు. మనిషి దేహానికి చేసే అంత్యక్రియనే ఆకుకూ చేశారు. ఘోరమైన పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ఆ ఆకుల్లోని మాటను మరో దేహంలోకి ఎత్తకుండానే దహనం చేసేయడంలో. ప్రాణం పోయిందో లేదో చూడకుండా పాడె కట్టినట్టయింది.

దీన్నిబట్టి ఒకటి స్పష్టం. ఆకును దేహంగా, మాటను ప్రాణంగా చూసిన సంప్రదాయం మనది. ఆకుకు పూజ జరిగింది, కాని ఆ పూజ గమ్యం ఎప్పుడూ చదువే. పురాణాలు విద్యాదానాన్ని గొప్పగా చెబుతాయి. దేవీ పురాణం ఆ విధిని వివరంగా ఇచ్చింది: మంచి ప్రతి రాయించాలి, పూజించాలి, ఊరేగించి ఆలయానికి తీసుకువెళ్లాలి. ఆ తర్వాత పెట్టెలో పెట్టి తాళం వేయమనలేదు, అక్కడ చదివించమంది. ఊరేగింపు పుస్తకానికి, ఫలం విన్నవాళ్లకు. శాసనాలదీ ఇదే మాట. ఏడో శతాబ్దపు పల్లవ పరమేశ్వరవర్మ కూరం శాసనంలో మండపంలో భారతం చదివేందుకు భాగం కేటాయించారు. 1058 నాటి నాగావి శాసనం ఇప్పటి కలబురగి ప్రాంతానిది, తెలంగాణ సరిహద్దుకు దగ్గర. అక్కడి ఘటికాశాల అనే విద్యాలయంలో వేదం చదివేవాళ్లు 200 మంది, శాస్త్రాలు చదివేవాళ్లు 52 మంది ఉన్నారనీ, వాళ్లతో పాటు ఆరుగురు సరస్వతీ భాండారికులు ఉన్నారనీ అది చెబుతుంది. భాండారం అంటే ధనాగారం. పుస్తకాల గదికి ఆ పేరు పెట్టినవాళ్లు దాన్ని విద్యార్థుల మధ్యే ఉంచారు. భాండారికుడి జీతం పుస్తకాన్ని దాచినందుకే కాదు, అడిగినవాడికి తీసి ఇచ్చినందుకు కూడా. సిక్కుల గురుగ్రంథ్ సాహిబ్ సంగతీ ఇక్కడ తలచుకోవాలి. ఒక గ్రంథానికి సింహాసనం, ఛత్రం, చామరం ఇచ్చి, రాత్రి పవళింపు చేసి, సాక్షాత్తు గురువుగా కొలిచేవాళ్లు వాళ్లు. అంతటి పూజ అందుకొనే గ్రంథాన్ని రోజూ తెరిచి చదువుతారు. ఆ రోజు తెరిచిన పుటలోని మాటే ఆ రోజుకు ఆజ్ఞ. భక్తి పెరిగేకొద్దీ పుస్తకం మూసుకుపోవాలన్న నియమం లోకంలో ఎక్కడా లేదు.

ఇక్కడ ఎదురు ప్రశ్న వస్తుంది. మాటే ప్రాణమైతే, దాన్ని అచ్చువేశాక ఆకుతో పనేమిటి? అచ్చుపుస్తకం ఇంటింటికీ వెళుతుంది, బొమ్మ తీసిన ప్రతి తెర మీద కనిపిస్తుంది. అసలు ఆకును ఎందుకు చూపాలి, అసలెందుకు దాచాలి? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పిన సంప్రదాయమంతా దాని పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఆకుకు దేహం కాక మరో గుణం కూడా ఉంది. అది సాక్షి. ముద్దుపళని రాధికా సాంత్వనం కథ చూడండి. ఆమె తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థాన కవయిత్రి, పద్దెనిమిదో శతాబ్దం మనిషి. ఆమె కావ్యం అచ్చయినప్పుడు కొన్ని పద్యాలూ, ఆమె తన గురించీ తన వంశపు స్త్రీల గురించీ చెప్పుకున్న భాగమూ అందులో లేకుండా పోయాయి. అచ్చులో లేనిది లోకంలో లేనట్టే చెలామణి అయింది. బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, అచ్చుతో పోల్చి చూసి, ఏమేం పోయాయో గుర్తించి, 1910లో సమగ్రంగా ప్రచురించింది. కావ్యం అశ్లీలమని వీరేశలింగం లాంటి పెద్దలు నిందించి ఉన్నారు. 1911లో ప్రభుత్వం ఆ ప్రతుల్ని స్వాధీనం చేసుకుంది. 1947లో కాని ఆంక్ష తొలగలేదు. ఇంత జరిగినా ఆ కావ్యం పూర్తిగా మనకు ఉందంటే, ఎక్కడో ఒక కట్టలో ఎవరూ కత్తిరించని ఆకులు ఉన్నందుకు, వాటిని ఒక స్త్రీ మొక్కి వదిలేయకుండా చదివినందుకు. అచ్చువేసినవాడు ఒక పద్యాన్ని వదిలేసి పుట సంఖ్య సరిచేసుకోగలడు. తాటాకులో ఒక ఆకు తీసేస్తే అంకెల వరుస తెగుతుంది, ఒక పంక్తిని చెరిపితే గీతలు మిగులుతాయి. తనకు జరిగినదాన్ని తన ఒంటి మీదే మోస్తుంది కాబట్టి అసలు ప్రతి అబద్ధానికి అడ్డు నిలుస్తుంది. దాన్ని నిలుపుకోవడానికీ, పదిమంది కళ్లముందు ఉంచడానికీ ఇంతకన్నా పెద్ద కారణం నాకు తెలియదు. ఎవరూ చూడని సాక్షి చెప్పని సాక్ష్యంతో సమానం.

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం దీనికి రెండో సాక్ష్యం. అన్నమయ్య మొదలైన తాళ్లపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు రెండు వేలకు పైగా ఆ చిన్న గదిలో తరాల తరబడి ఉండిపోయాయి. 1922 ప్రాంతాల్లో వాటిని కిందికి తెచ్చి పరిశీలించడం మొదలైంది. తాటాకు పోతుందని రాగి మీద చెక్కించిన పెద తిరుమలాచార్యుడి ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలి. రాగి చెదలుకూ తేమకూ లొంగలేదు. కాని ఆ రాగి ఒక్కటే అన్నమయ్యను బతికించిందని అనగలమా? శ్రీవారి సన్నిధికి అంత దగ్గరగా, అంత పవిత్రమైన చోట, అంత భద్రంగా ఉండి కూడా ఆ పాటల్లో ఎక్కువ భాగం జనం నోట లేకుండా పోయింది. వాటిని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వెలుగులోకి తెచ్చాక, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు పరిష్కరించాక, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్వరాలు కూర్చాక, గాయకులు పాడాక అన్నమయ్య మళ్లీ తెలుగువాళ్ల మధ్యకు వచ్చాడు. 12,000కు పైగా సంకీర్తనలు ఈనాడు లెక్కకు అందుతున్నాయంటే అది భద్రతా చదువూ కలిసి చేసిన పని. భద్రత ఒక్కటే ఉన్న కాలంలో నిశ్శబ్దమే ఉంది. ఆ నిశ్శబ్దానికి ఎవరినీ తప్పుపట్టను. ఆ గదిని కాపాడినవాళ్లు లేకపోతే తర్వాతివాళ్లకు చదవడానికి ఏమీ ఉండేది కాదు. వాళ్లు పూజలో సగం చేశారు, మిగతా సగం తర్వాతి తరం చేసింది.

అయితే చూపడం అంటే ఖర్చు పెట్టడం. ఇది ప్రతిపక్షం చెప్పే మాటల్లో బరువైనది, ప్రతులను కనిపెట్టుకొని ఉండేవాళ్లు రోజూ అనుభవించే బాధ. వెలుతురు రంగునూ కాగితాన్నీ తినేస్తుంది. ఆ నష్టం కొద్దికొద్దిగా పోగవుతూ ఉంటుంది, వెనక్కి రాదు. అందుకే రంగుల బొమ్మలకూ పాత కాగితానికీ 50 లక్సులకు మించిన వెలుతురు పనికిరాదని మ్యూజియంలు నియమం పెట్టుకున్నాయి. తాటాకు ఎండితే పెళుసవుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. తంజావూరులో వస, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, కర్పూరం దంచి మూటకట్టి కట్టల మధ్య ఉంచే పద్ధతి ఉంది. ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసి మెత్తబరుస్తారు. ఇంత శ్రద్ధగా సాకినదాన్ని నెలల తరబడి దీపం కింద పెడితే, రేపటివాడికి దక్కాల్సినదాన్ని ఇవాళ్టివాడి కుతూహలానికి ధారపోసినట్టే కదా అంటారు. న్యాయమైన మాట. పుట్టబోయేవాళ్లకు ఓటు లేదు, వాళ్ల తరఫున మాట్లాడేది భాండారికుడే. మరి పూర్తిగా మూసేద్దామా? మూసినా ఆకు చావకుండా ఉండదు, నెమ్మదిగా చస్తుంది, అంతే. మన శాస్త్రాలు పుట్టుకతోనే వచ్చే అప్పుల్లో ఋషిఋణాన్ని ఒకటిగా చెప్పాయి. దాన్ని తీర్చే మార్గంగా చెప్పింది అధ్యయనాన్ని, దాచిపెట్టడాన్ని కాదు. తీర్చాల్సిన అప్పును పెట్టెలో పెట్టి భద్రంగా కాపాడామంటే అప్పిచ్చినవాడు ఒప్పుకోడు. కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది: ఆకు ఆయుష్షులో ప్రతి ప్రదర్శనా కొంత తింటుంది, కనుక ఆ ఖర్చుకు బదులుగా చదువు పుట్టి తీరాలి. మూడు నెలల వెలుతురుకు బదులుగా ఆ ఆకులోని మాటలు ఇప్పటి లిపిలో, ఇప్పటి తెలుగులో పదిమందికి చేరితే ఆ ఖర్చు ధర్మం. పేరు, శతాబ్దం రాసిన చీటీ తప్ప ఇంకేమీ పక్కన లేకపోతే ఆ మూడు నెలలూ దుబారా. ఒకే ఆకును ఏళ్ల తరబడి చూపడం ఎలాగూ తప్పు. ఆకులు మార్చాలి, అలసినదాన్ని చీకట్లోకి పంపాలి.

దర్శనమే చాలదా అని మరో వాదం. గుడికి వెళ్లిన భక్తుడు విగ్రహాన్ని చదవడు, చూస్తాడు. ఆ చూపుతోనే కడుపు నిండి తిరిగి వస్తాడు. మరాఠీ రాసిన మోడి లిపి, సంస్కృతం రాసిన గ్రంథ లిపి, నాలుగు వందల ఏళ్ల కిందటి తెలుగు రాత సామాన్యుడికి ఎలాగూ అంతుపట్టవు. పెద్దల చేతిరాత ముందు ఒక్క క్షణం నిలబడి నమస్కరించి వెళితే తప్పేమిటి? తప్పేమీ లేదు. చదువురాని మనిషి తాటాకు ముందు చేసే నమస్కారంలో, చదువుకున్నవాడి వ్యాసంలో లేనంత నిజం ఉండవచ్చు. కాని ఆ నమస్కారాన్ని అడ్డం పెట్టుకొని గ్రంథాలయం తన బాధ్యత తప్పించుకోకూడదు. విగ్రహం చూడడానికే ప్రతిష్ఠించింది, ఆకు చూడడానికి రాసింది కాదు. గంటం పట్టినవాడు మెడ వంచి, నడుం విరిగేలా కూర్చొని గీసింది ఎవరో ఒకరు చదువుతారనే. పైగా దర్శనం అన్న మాట మనకు కంటిచూపుతో ఆగలేదు. సాంఖ్యం, యోగం, న్యాయం, వైశేషికం, మీమాంస, వేదాంతం, ఇవన్నీ దర్శనాలే. వాటిని చూసినవాళ్లు కళ్లతో చూడలేదు. తెలుసుకోవడమే చూడడం అని భాషే చెబుతుంటే, తెలియకుండా చూపించడాన్ని దర్శనం అనడం ఆ మాటను తక్కువ చేయడమే. గుడిలో కూడా ఒట్టి చూపు ఉండదు కదా. అర్చకుడు నామాలు చదువుతాడు, స్థలపురాణం చెబుతాడు, తీర్థం చేతిలో పోస్తాడు. అద్దాల పెట్టె పక్కన ఆ పని చేసే మనిషి ఎవరు? చదవడం రానివాడికి చదివి వినిపించడం మనకు కొత్త కాదు. ఊళ్లలో రచ్చబండ దగ్గర పురాణ కాలక్షేపానికి కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అక్షరాలు వచ్చు? భారతం వాళ్లకు రాలేదా?

రాతప్రతుల చివర లేఖకులు రాసే ఒక ప్రార్థన దేశమంతటా కనిపిస్తుంది. అందులో పుస్తకమే మాట్లాడుతుంది: నూనె నుంచి, నీళ్ల నుంచి, సడలిన కట్టు నుంచి తనను కాపాడమని, మూర్ఖుడి చేతికి ఇవ్వవద్దని వేడుకుంటుంది. ఈ చివరి కోరికను పట్టుకొని, అందరికీ చూపడం లేఖకుడి ఆన మీరడమేనని అనేవాళ్లున్నారు. మంత్రశాస్త్ర గ్రంథాలైతే రహస్యంగా ఉంచమని తామే ఆజ్ఞాపిస్తాయి, దీక్ష లేనివాడికి చూపవద్దంటాయి. ఈ అభ్యంతరాన్ని రెండుగా విడదీయాలి. బతికున్న ఒక సంప్రదాయం, ఒక మఠమో దర్గానో గురుకులమో, ఫలానా షరతు మీద తన గ్రంథాన్ని అప్పగించి ఉంటే ఆ మాట నిలబెట్టుకోవాలి. ఖురాన్ ప్రతిని ఏ ఎత్తున ఉంచాలో, ఎలా పట్టుకోవాలో దాన్ని పఠించేవాళ్లను అడిగి చేయాలి. నమ్మి ఇచ్చినదాని పట్ల విశ్వాసఘాతుకం చేసి సాధించే చదువు చదువు కాదు. ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రెండోది అలాంటిది కాదు. అడిగేవాళ్లెవరూ మిగలని గ్రంథాన్ని, ప్రజల డబ్బుతో నడిచే భాండారంలో ఉన్నదాన్ని, అధికారం లేనివాళ్లు చూస్తారని మూయడానికి ధర్మం ఒప్పదు. అధికారం అన్న మాట పేరున మనం ఎవరెవరిని అక్షరానికి దూరంగా ఉంచామో చరిత్రకు తెలుసు. ముద్దుపళని, నాగరత్నమ్మ ఇద్దరూ దేవదాసీ కులంలో పుట్టినవాళ్లు. వాళ్లకు అధికారం లేదన్నవాళ్ల మాటే చెల్లి ఉంటే ఆ కావ్యం పుట్టేది కాదు, దక్కేదీ కాదు. లేఖకుడి మాటలోని మూర్ఖుడు లిపి రానివాడని నేననుకోను. నూనె చేతులతో పట్టుకొనేవాడు, కట్టు సడలినా బిగించనివాడు, అంటే లక్ష్యపెట్టనివాడు. అలాంటివాడు చదువుకున్నవాళ్లలోనూ ఉంటాడు. ఇక మంత్రం సంగతంటారా, ఆకు మీది అక్షరాలు చూసినంత మాత్రాన దీక్ష రాదని ఆ శాస్త్రాలే చెబుతున్నాయి. గురువు ఇవ్వాల్సినదాన్ని అద్దం ఇవ్వలేదు, అద్దం వల్ల గురువు పోగొట్టుకొనేదీ లేదు.

బొమ్మలు తీసి తెరకు ఎక్కించాక ఈ గొడవంతా తీరిపోతుందనే ఆశ ఈమధ్య పెరిగింది. జాతీయ రాతప్రతుల మిషన్ 2003లో మొదలైనప్పటి నుంచి ఆ దిశలో పని జరుగుతోంది. అది జరగవలసిన పనే. ఆకు దహనమైనా మాట మిగలాలన్న పాత ధర్మానికి ఇది కొత్త ఉపకరణం, గంటం పట్టినవాడి వారసత్వం. కాని లేఖకుడు ఎత్తి రాసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ తన నోటి గుండా, చేతి గుండా పంపించాడు. కనీసం ఒక మనిషి ఆ గ్రంథాన్ని ఆసాంతం చదివినట్టు లెక్క. యంత్రం చదవదు. వేల ఆకుల బొమ్మలు ఏ ఒక్కరూ చదవకుండానే భద్రంగా ఉండిపోగలవు, రాగిరేకులు ఉన్నట్టే. పూజాపీట కొత్తదయింది, విజయదశమి మాత్రం ఇంకా రాలేదు. మోడి లిపి చదవగలవాళ్లు, పాత తెలుగు రాతలో వలపలగిలకనూ పొల్లునూ పోల్చుకోగలవాళ్లు తరం తరానికీ తగ్గిపోతున్నారు. ఆకు పోతే బొమ్మ ఉంటుంది, చదివేవాడు పోతే ఏదీ ఉండదు. ప్రదర్శనకు ఖర్చు పెట్టే ప్రతి గ్రంథాలయమూ అందులో ఒక భాగాన్ని లిపి నేర్పడానికి కేటాయించాలని నేను గట్టిగా కోరతాను. చూడడానికి వచ్చిన వందమందిలో ఒక్క కుర్రవాడికో అమ్మాయికో ఆ గీతల్లో ఏముందో తెలుసుకోవాలన్న కోరిక పుడితే, ఆ కోరికను మర్నాడు ఎక్కడికి తీసుకువెళ్లాలో చెప్పేవాళ్లు అక్కడ ఉండాలి.

ఇన్ని షరతుల మధ్య చూపడానికి ఏది ఎంచుకోవాలి? ప్రదర్శనల్లో సాధారణంగా మొదటి ఆకో, బొమ్మలున్న ఆకో తెరిచి పెడతారు. మొదటి ఆకులో దేవతాస్తుతి ఉంటుంది, చాలా ప్రతుల్లో అది ఒకేలా ఉంటుంది. నన్నడిగితే చివరి ఆకు తెరవమంటాను. దాని కింద ఇప్పటి తెలుగు లిపిలో పాఠం, పక్కన అర్థం, రోజుకొక గంట దాన్ని పైకి చదివి వినిపించే ఒక మనిషి ఉండాలి. చివరి ఆకులో గ్రంథం ముగిశాక లేఖకుడు తన మాట తాను చెప్పుకుంటాడు. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం నాటికి రాత పూర్తయిందో రాస్తాడు. ఎవరి కోసం రాశాడో, ఎవరి కొడుకో, ఏ ఊరివాడో చెబుతాడు. తనకు ఏ ప్రతి దొరికితే దాన్ని అలాగే ఎత్తి రాశానని, అందులోని తప్పు తనది కాదని అంటాడు. వెన్ను నొచ్చింది, చూపు మందగించింది, కష్టపడి రాసినదాన్ని జాగ్రత్తగా చూసుకోమంటాడు. ఆ తర్వాత, తప్పులుంటే పెద్దలు దిద్దుకొని చదువుకోవాలని కోరి, చేవ్రాలు పెట్టి గంటం దించుతాడు.